కూరలు, పండ్లు: కుటుంబానికి కలిసివచ్చే కొన్ని లెక్కలు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపాధ్యాయుణ్ణి సభకు పిలిస్తే సాధారణంగా చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి కార్యదర్శిగారు మాత్రం "మాస్టారూ, ఇంటి ఖర్చు మీద పనికొచ్చే మాటలు నాలుగు చెప్పండి, ఉపన్యాసం వద్దు" అన్నారు. ఆలోచించి చూస్తే ఇదీ చదువుకు దూరమైన విషయం కాదు. పొద్దున్న పదకొండు గంటలకే బల్ల మీద తల వాల్చే పిల్లవాడికి ఉర్దూలో చెప్పినా తెలుగులో చెప్పినా పాఠం తలకెక్కదు. ఆ పిల్లవాడి కంచంలో ఏముందో చూడకుండా వాడి మార్కుల గురించి మాట్లాడటం దండగ.

మన ఇళ్ళలో ఎక్కువమంది ఆటో తోలేవారు, మెకానిక్కులు, దర్జీలు, హమాలీలు, చిన్న దుకాణాలు నడుపుకునేవారు. నెలాఖరుకు డబ్బు కటకటపడితే అద్దె ఆగదు, కరెంటు బిల్లు ఆగదు, ఫైనాన్సు వాడు అసలే ఆగడు. ఆగేవి పండ్లు, ఆ తరువాత కూరలు. అన్నం, పల్చటి పప్పు, ఊరగాయ బద్దతో రోజులు గడిచిపోతాయి. కడుపు నిండుతుంది గనుక ఏదో తక్కువైందని ఎవరికీ తోచదు. కాని ఒంటికి తెలుస్తుంది. 2019-21 మధ్య దేశమంతటా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్ లెక్క చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవారిలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత వుంది. అయిదేళ్ళలోపు పిల్లలలో నూటికి సుమారు 63 మందికి వుంది. ఇది ఒక కులానిదో, ఒక మతానిదో లెక్క కాదు, అందరి లెక్క. మన వీధి కూడా అందులోదే.

అందుచేత ఈ పూట నేను చెప్పబోయే పొదుపు, తినడం తగ్గించి డబ్బు మిగుల్చుకునే పొదుపు కాదు. అదే డబ్బుకు ఎక్కువ ఆకుకూర, ఎక్కువ పండు ఇంటికి తెచ్చుకునే పొదుపు. ఈ తేడా మనసులో పెట్టుకుని వినవలసిందిగా మనవి.

ఎంత తినాలి, ఎంత అవుతుంది

మన హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ వుంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశపు మనుషులు ఏమి తినాలో పరిశోధించి చెప్పే సంస్థ అది. 2024లో ఆ సంస్థ ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దమనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి.

అయిదుగురున్న ఇంటికి ఈ లెక్క వేద్దాం. కూరలు రోజుకు 2 కిలోలు, పండ్లు అర కిలో. నెలకు కూరలు 60 కిలోలు, పండ్లు 15 కిలోలు. చిన్నపిల్లలకు అంత పట్టదు గాని, లెక్క సులువుగా వుండటానికి అలాగే వుంచుదాం. కూరలు సగటున కిలో 40 రూపాయలు, పండ్లు 80 రూపాయలు అనుకుందాం. కూరలకు 2400, పండ్లకు 1200, వెరసి 3600 రూపాయలు. నెలకు 15 వేలు తెచ్చే ఇంట్లో ఇది దాదాపు నాలుగో వంతు. "మాస్టారూ, మావల్ల కాదు" అని మీరనడంలో తప్పు లేదు.

అదే ఇల్లు కాస్త తెలివిగా కొని కూరల సగటు 30కి, పండ్ల సగటు 50కి తెచ్చుకున్నదనుకోండి. కూరలకు 1800, పండ్లకు 750, మొత్తం 2550. నెలకు 1050 రూపాయలు, ఏడాదికి 12,600 రూపాయలు మిగిలాయి. కంచంలో మాత్రం ఒక్క ముక్క కూడా తగ్గలేదు. ఆ సగటు ఎలా తగ్గించాలన్నదే ఇవాళ్టి పాఠం.

ఇంకో చిన్న లెక్క చెప్పి ముందుకు పోతాను. మగవాళ్ళం మనం రోజుకు బయట నాలుగు టీలు తాగితే, టీ పది రూపాయల చొప్పున 40 రూపాయలు. నెలకు 1200. ఇందాక ఇంటిల్లిపాదికీ పండ్లకని వేసిన లెక్క కూడా సరిగ్గా ఇంతే. టీ మానేయమని నేను అనను, అంటే ఇక్కడ సగంమంది లేచిపోతారు. రెండు టీలు తగ్గిస్తే పిల్లలకు సగం నెల పండ్లు వస్తాయని మాత్రం అంటాను.

ఎక్కడ కొనాలి

మన పేటలో మూడు దారులున్నాయి. ఇంటి ముందుకొచ్చే తోపుడుబండి ఒకటి, రైతు బజారు ఒకటి, పెద్ద మార్కెట్టు ఒకటి.

రైతు బజార్లు 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో మొదలయ్యాయి. గుర్తింపు కార్డున్న రైతు దళారి లేకుండా తన పంట తానే తెచ్చి అమ్ముకుంటాడు. టోకు ధర కంటె కాస్త ఎక్కువ, చిల్లర ధర కంటె తక్కువ వుండేటట్టు పొద్దున్నే ధర నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. అందుచేత అమ్మేవాడికీ కొనేవాడికీ లాభమే. విజయవాడలో స్వరాజ్య మైదానం రైతు బజారు అందరికీ గుర్తుండేవుంటుంది. ఇప్పుడా చోట 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేద్కర్ మహాశయుని విగ్రహం వుంది. పటమట, సింగ్ నగర్, కేదారేశ్వరపేట వంటి చోట్ల రైతు బజార్లు నడుస్తున్నాయి. అక్కడికి వెళ్ళినవారు ముందు బోర్డు చదవాలి, తరువాత సంచీ విప్పాలి. బోర్డు మీది ధర కంటె ఎక్కువ అడిగితే పోట్లాడనక్కరలేదు, అక్కడే ఎస్టేట్ ఆఫీసరు వుంటారు, వారికి చెప్పాలి.

రెండవది కాళేశ్వరరావు మార్కెట్టు. రాష్ట్ర శాసనసభ మొదటి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేరిట వున్న మార్కెట్టు. మన వన్ టౌన్ లోనే వుంది గనుక మనలో చాలామందికి అది రోజూ వెళ్ళే దారి. పండ్లు టోకున కావాలంటే కేదారేశ్వరపేట పండ్ల మార్కెట్టు. మామిడి కాలంలో నున్న మార్కెట్టు.

దూరం వెళ్ళాలంటే బస్సు ఛార్జి అడ్డమొచ్చేది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవారికి సిటీ బస్సుల్లో టిక్కెట్టు లేదు. ఇదివరకు "పది రూపాయలు తగ్గుతాయని ముప్పయి రూపాయలు ఛార్జి పెట్టుకుంటానా" అన్న చెల్లెళ్ళు ఇప్పుడు ఆ మాట అనక్కరలేదు. ఇద్దరు ముగ్గురు కలిసి వారానికి రెండుసార్లు వెళ్ళి రావచ్చు.

ఇక తోపుడుబండి. ఆ బండి తోసేవాడు కూడా చాలాసార్లు మన పేటవాడే, మనతోబాటు సఫ్ లో నిలబడేవాడే. తెల్లవారుజామున అప్పు తెచ్చి సరుకు కొంటాడు. చేతికి 900 ఇచ్చి సాయంత్రానికి వెయ్యి కట్టించుకునే వడ్డీ అది. ఆ వంద రూపాయలు మన వంకాయల ధరలోనే కలుస్తుంది. వాడితో రెండు రూపాయలకు గీచి గీచి బేరమాడటం పొదుపు కాదు. వాడికి ఆ అప్పు తప్పితే మనకు ధర తగ్గుతుంది. 2020లో వీధి వ్యాపారుల కోసం కేంద్ర ప్రభుత్వం స్వనిధి పథకం పెట్టి, పూచీకత్తు లేకుండా మొదటి విడత 10 వేల రూపాయల బ్యాంకు అప్పు ఇప్పించింది. ఇలాంటి పథకాలకు కాగితాలు నింపిపెట్టగల యువకులు మన సంఘంలో వున్నారు. ఆ సాయం చేస్తే అది అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ చేసిన ఖిద్మత్ అవుతుంది.

తూకం, ధర, తిండికొచ్చే భాగం

బడిలో అయిదో తరగతి పిల్లలకు చెప్పే లెక్క ఇది, కాని బజారులో పెద్దలం మరచిపోతాం. "పావు పదిహేను" అంటే కిలో అరవై. పక్కనే కిలో యాభై అని రాసి వుంటుంది. పావులూ అరపావులూ కొనేవాడు ఏడాది పొడుగునా అయిదో వంతు ఎక్కువ కడుతూనే వుంటాడు. అలాగని "మూడు కిలోలు వంద" అన్నాడని ఎగబడటమూ మంచిది కాదు. అందులో కిలో కుళ్ళిపోయి పారేస్తే మిగిలినది కిలో యాభై పడ్డట్టే.

తూకం చూసుకోవాలి. కాటా మీద గిన్నె పెట్టాక సున్నా వచ్చిందో లేదో చూడాలి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఏటేటా పడాలి. అనుమానం వస్తే ఇంట్లో సీలు విప్పని కిలో ఉప్పు పాకెట్టు ఒకసారి సంచీలో వేసుకుపోయి నవ్వుతూ కాటా మీద పెట్టమనండి. కాటా సంగతి తేలిపోతుంది, మాటా పెరగదు.

అన్నిటికంటె ముఖ్యమైన లెక్క, తిండికొచ్చే భాగానికి ధర కట్టడం. పచ్చి బటానీ కాయ కిలో 80 అనుకోండి. తొక్క తీస్తే సుమారు సగమే గింజ. అంటే గింజ కిలో 160. పుచ్చకాయ కిలో 20 అంటే మూడో వంతు తొక్క పోయాక 30. జామకాయలో పోయేదేమీ లేదు. కాలీఫ్లవరుకు ఆకూ కాడా తూచి డబ్బు కడతాం, ఇంటికి వచ్చి వాటినే పారేస్తాం. ఆ లేత ఆకూ కాడా సన్నగా తరిగి పప్పులో వేస్తే డబ్బు దండగ కాదు. ముల్లంగి ఆకు భాజీకి వస్తుంది. బీరపొట్టు పచ్చడి, సొరకాయ తొక్కు పచ్చడి మన పొరుగిళ్ళలో తరతరాలుగా చేస్తున్నవే. పుచ్చకాయ తొక్క లోపలి తెల్లటి భాగం కూర వండితే సొరకాయకు ఏమీ తీసిపోదు. ఇస్రాఫ్ గురించి మనం జుమా నాడు వింటాం. అది పెళ్ళి విందులకే కాదు, ఇంటి చెత్తబుట్టకు కూడా వర్తించే మాట.

ఇక ఆపిల్ మోజు. రోగిని చూడబోతే ఆపిల్, పిల్లవాడికి జ్వరమొస్తే ఆపిల్. కాశ్మీరు నుంచో హిమాచల్ నుంచో లారీలెక్కి, కోల్డ్ స్టోరేజీలో వుండి వచ్చే పండు అది. ఆ కిరాయి అంతా మనమే కడతాం. మన జామకాయ వంద గ్రాములలో విటమిన్ సి 200 మిల్లీగ్రాములకు పైచిలుకు వుంటుంది. ఆపిల్లో అది పది లోపే. బొప్పాయి, ఉసిరి, నిమ్మ, అరటి ఇవన్నీ మన చుట్టుపక్కల పండేవే. పరామర్శకు వెళ్ళేటప్పుడు ఆపిల్ బదులు దోర జామకాయలు పట్టుకెళ్ళే ధైర్యం మనలో పెద్దవాళ్ళు ముందు చూపించాలి. అప్పుడు లేనివాడికి ఆ మొహమాటం తప్పుతుంది.

కాలాన్ని బట్టి కొనడం

కృష్ణా డెల్టా మధ్యన వున్నాం. కొల్లూరు, కొల్లిపర లంకల్లో అరటి, కంద పండుతాయి. కంకిపాడు, పెనమలూరు వైపు కూరగాయలు వేస్తారు. ఏటికి అవతల ఉండవల్లి, పెనుమాక పొలాల్లో ఏడాదికి రెండు మూడు పంటలు తీసేవారు. 2015 నుంచి అమరావతి రాజధానికని 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ జరిగింది. దగ్గరి పొలం తగ్గినకొద్దీ దూరపు లారీ మీద ఆధారపడటం ఎక్కువవుతుంది. దూరపు లారీ అంటే డీజిలు ఖర్చు, దారిలో కుళ్ళు. అందుచేత దగ్గర పండినది, ఆ కాలంలో పండినది అడిగి కొనడం మన జేబుకే మంచిది.

చలికాలంలో టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవరు, చిక్కుడు, పాలకూర, మెంతికూర, జామ చవక. వేసవిలో దోస, సొర, బీర, పుచ్చ, మామిడి. వానలు ముమ్మరమైతే ఆకుకూర దెబ్బతిని ధర పెరుగుతుంది. అప్పుడు కంద, చేమ, గుమ్మడి, అరటికాయ వైపు తిరగాలి. మామిడి ఏప్రిల్ నుంచి జూన్ వరకు. కాలం రాకముందే పసుపుపచ్చగా మెరిసే పండుకు ఎగబడవద్దు. కార్బైడు వేసి మగ్గబెట్టడం చట్టరీత్యా నిషేధం. ఎక్కువ డబ్బిచ్చి జబ్బు కొనుక్కోవడం ఎందుకు? నూజివీడు చిన్నరసాలు మే నెలలో బాగా దిగినప్పుడు తినండి, రుచీ వుంటుంది, ధరా దిగుతుంది.

పండుగలు కూడా చూసుకోవాలి. శ్రావణమాసం, వినాయక చవితి, దసరా రోజుల్లో అరటి, ఆపిల్ ధరలు పెరుగుతాయి. కార్తీకంలో మన హిందూ సోదరులు చాలామంది మాంసం మానేస్తారు, కూరగాయలకు గిరాకీ పెరుగుతుంది. రంజాన్ లో మనవల్ల అరటి, పుచ్చ, ఖర్జూరం ధర పెరుగుతుంది. ఒకరి పండుగకు ఇంకొకరి జేబు తగలడం కలిసి బతికే ఊళ్ళో మామూలే. పొరుగువారి పండుగ తేదీలు తెలుసుకుని రెండు రోజులు ముందో వెనకో కొనేవాడికి ఆ దెబ్బ తగలదు.

రంజాన్ విషయంలో ఒక సంగతి గమనించండి. చాంద్రమాన నెల గనుక ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2019లో రంజాన్ మే నెలలో వచ్చింది. ఇఫ్తార్ పళ్ళెంలో పుచ్చకాయ, మామిడి రెండూ చవకగా దొరికాయి. 2025లో మార్చి మొదట్లో వచ్చింది. 2026 రంజాన్ ఫిబ్రవరిది. 2030లో రెండుసార్లు వస్తుంది, జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర ఇంకోసారి. అంటే రాబోయే ఏళ్ళలో ఇఫ్తార్ చలికాలానికి పోతున్నది. ఇంకా పుచ్చకాయే కావాలంటే కాలం కాని కాలంలో రెట్టింపు కట్టాలి. జామ, బొప్పాయి, అరటి, రేగు, నారింజలతో పళ్ళెం సర్దుకోవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి.

ధర మండినప్పుడు

2023 జూలై నెల ఎవరూ మరచిపోలేదు. మదనపల్లె మార్కెట్లోనే టమాటా కిలో రెండు వందలు పలికింది. రాష్ట్ర ప్రభుత్వం రైతు బజార్లలో 50 రూపాయలకు అమ్మిస్తే జనం బారులు తీరారు. అదే టమాటాను ధర పడిపోయిన రోజుల్లో కోత కూలీ కూడా గిట్టక రైతులు రోడ్డు మీద పారబోయడమూ చూశాం. ధర పడినప్పుడు రైతు ఆ పంట తగ్గించుకుంటాడు. నాటిన రెండు మూడు నెలలకు గాని కాపు రాదు. ఆ మధ్యలో ఎండో వానో తోడైతే ధర ఆకాశానికి పోతుంది. ఉల్లిపాయ కథా ఇలాంటిదే. 2019 చివర్లో వంద దాటి పోయింది, 2025 సెప్టెంబరులో కర్నూలు రైతు కొనే దిక్కు లేక ఏడ్చాడు.

ఇందులో మనకు పనికొచ్చే పాఠం రెండు ముక్కలు. మొదటిది, చవకగా వున్నప్పుడు దాచుకోవాలి. చలికాలంలో టమాటా ముక్కలు కోసి, ఉప్పు రాసి ఎండబెట్టి ఒరుగులు చేసుకోవచ్చు. మామిడి ఒరుగులు, నిమ్మకాయ అచార్, గోంగూర పచ్చడి అన్నీ ఆ తెలివిలోంచి పుట్టినవే. రెండవది, పులుపు ఒక్క టమాటాలోనే లేదు. మన నానమ్మలు ఖట్టా చేసేది చింతపండుతో. చింతచిగురు, చుక్కకూర, అంబాడా అంటే గోంగూర, పచ్చి మామిడికాయ, ఇన్ని పులుపులు మన వంటింట్లో వున్నాయి. 2023లో ఆ వంట తెలిసిన ఇల్లు ఏమీ నష్టపోలేదు. టమాటా లేనిదే సాలన్ లేదనుకున్న ఇల్లే నష్టపోయింది.

గోష్త్ సంగతీ ఇక్కడే చెబుతాను. మన ఇళ్ళలో ఖర్చంతా మాంసం దగ్గరే వుంటుందని అందరికీ తెలుసు. అర కిలో మాంసం ఒట్టిగా వండితే అయిదుగురికి ఒక పూట. అదే అర కిలోలో కిలో సొరకాయ, శనగపప్పు వేసి దాల్చా చేస్తే రెండు పూటలు. మెంతికూర ఖీమా, పాలక్ గోష్త్, దోసకాయ గోష్త్, అంబాడా గోష్త్ మన పెద్దలు రుచికోసమే కనిపెట్టలేదు, ఇంటి బరువు చూసుకునే కనిపెట్టారు. శాస్త్రం కూడా దానికి వత్తాసు పలుకుతున్నది. ఆకుకూరలోని ఇనుము ఒంటికి అంత తేలికగా పట్టదు. పక్కన మాంసమో, నిమ్మరసమో వుంటే బాగా పడుతుంది. అందుచేత పాలకూర పప్పు తిన్నా పైన ఒక చెక్క నిమ్మకాయ పిండుకోండి. అన్నం తినగానే చాయ్ తాగితే ఆ ఇనుము ఒంటికి అందకుండా పోతుంది. భోజనానికి ముందు గంట, తరువాత గంట టీ వద్దని నేను ఇందాక చెప్పిన ఆ హైదరాబాదు సంస్థే 2024లో చెప్పింది. డబ్బు పెట్టి కొన్న ఆకుకూరను డబ్బు పెట్టి కొన్న టీతో పాడు చేసుకోవడం ఏం లెక్క, మీరే చెప్పండి.

ఇంట్లో చెడిపోకుండా

కొనడంలో మిగిల్చినదంతా ఇంట్లో కుళ్ళిపోతే ఏమీ మిగలనట్టే. ఉల్లి, బంగాళాదుంప రెండూ గాలి ఆడేచోట, ఎండ తగలనిచోట పెట్టాలి, కాని ఒకే బుట్టలో వద్దు. పండిన అరటిపండ్ల పక్కన కూరలు పెట్టవద్దు. అరటి నుంచి వచ్చే వాయువు వల్ల పక్కవీ త్వరగా పండిపోతాయి. అదే గుణం పచ్చి టమాటా పండించుకోవడానికి పనికొస్తుంది. ఆకుకూర వేళ్ళు కోసి, కుళ్ళిన ఆకు ఏరి, తడి గుడ్డలో చుట్టాలి. కడిగి నీళ్ళోడుతూ డబ్బాలో పెడితే మర్నాటికే జిగురు పడుతుంది. వండేముందు కడుక్కోవాలి.

ఫ్రిజ్ లేనివారికి ఒక మాట. ఆఫ్రికాలో నైజీరియా దేశపు మహమ్మద్ బా అబ్బా నాలాగే పాఠాలు చెప్పినవాడు. పెద్ద మట్టికుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి తడిపి, పైన తడిగుడ్డ కప్పి, లోపల కూరలు దాచే పద్ధతిని ఆయన పల్లెపల్లెకూ తీసుకుపోయాడు. 2000 సంవత్సరంలో ఆయనకు రోలెక్స్ అవార్డు వచ్చింది. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది, మన కూజాలో నీళ్ళు చల్లబడే సూత్రమే. పొడి గాలి వీచే వేసవి రోజుల్లో ఇది మన దగ్గరా పనిచేస్తుంది. వానాకాలపు తేమలో అంతగా పనిచేయదు, ఆ సంగతీ చెప్పాలి.

ఫ్రిజ్ వున్నవారూ దానినే నమ్ముకోకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం మొదలుకొని మన పక్క కాలనీల దాకా నీరు వచ్చినప్పుడు కరెంటు లేదు, ఫ్రిజ్జులే నీళ్ళలో తేలాయి. అటువంటి రోజుల్లో అటక మీద పెట్టిన ఉల్లిపాయలు, ఒరుగులు, చింతపండు, పచ్చళ్ళే మనిషిని ఆదుకునేవి.

ఒక కుండీ మట్టి వున్నా పుదీనా కొనక్కరలేదు. కట్ట కొన్నప్పుడు నాలుగు కాడలు నీళ్ళలో పెట్టి వేళ్ళొచ్చాక నాటితే చాలు. తోటకూర, గోంగూర గింజ చల్లితే నెల తిరక్కుండా ఆకు కోసుకోవచ్చు. వీధిలో ఒక్క ఇంట్లో మునగ, ఒక్క ఇంట్లో కరివేపాకు వుంటే వీధికంతా సరిపోతుంది.

కలిసి కొనడం: సంఘానికి నా మనవి

చివరగా సంఘం చేయగల పనులు మూడు చెబుతాను. డబ్బు ఖర్చులేని పనులే.

ఒకటి, మన ఆఫీసు గేటు దగ్గర నల్లబల్ల ఒకటి పెట్టి, రైతు బజారు ధరలు రోజూ పొద్దున్నే సుద్దముక్కతో రాయించాలి. తెలుగులోనూ, ఉర్దూలోనూ. రాసే పని మా బడి పిల్లలకు అప్పగించండి. వాళ్ళకు రెండు భాషలూ, లెక్కలూ వస్తాయి. ఆ బల్ల చూసి వచ్చినవాడిని ఎవరూ మోసం చేయలేరు.

రెండు, వీధికి అయిదేసి ఇళ్ళు కలిసి టోకున కొనాలి. లెక్క వినండి. 25 కిలోల టమాటా పెట్టె కిలో 20 చొప్పున 500, ఆటోకు 100, మొత్తం 600. కిలో 24 పడింది. వీధిలో 35 అనుకుంటే ఇంటికి అయిదు కిలోల మీద 55 రూపాయలు మిగులు. మూడు కిలోలు పాడైనా కిలో 27 చిల్లరే. అదే పెట్టె ఒక్క ఇల్లు కొని సగం కుళ్ళబెట్టుకుంటే కిలో 48 పడుతుంది. కనుక టోకు బేరంలో లాభం పంచుకోవడంలోనే వుంది. నియమాలు ముందే పెట్టుకోవాలి. డబ్బు ముందురోజే ఇవ్వాలి, అప్పు లేదు. తూకం అందరి ఎదుట. పాడైనది అందరికీ సమానం. వెళ్ళేవారు వంతులవారీగా వెళ్ళాలి, కమిషన్ లేదు. ఉల్లి, బంగాళాదుంప, టమాటా, నిమ్మ, అరటి గెలకు ఈ పద్ధతి సరిపోతుంది. ఆకుకూరకు వద్దు, అది ఎప్పటికప్పుడు కొనవలసినదే.

మూడు, ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు. తేదీ, వస్తువు, బరువు, ధర, చివరి గడిలో "పారేసినది ఎంత". ఈ చివరి గడి ఇల్లాలే నింపాలి. బజారుకు పోయేది తరచు మగవాళ్ళం, ఏది మిగిలిందో ఏది కుళ్ళిందో తెలిసేది ఆమెకు. ఆమెను అడగకుండా రాత్రి తొమ్మిదింటికి ఏదో ఒకటి సంచీలో వేసుకొచ్చి "తెచ్చాను కదా" అనే మన అలవాటు పోవాలి. నెల రోజులు ఆ గడి నిండాక ఇద్దరూ కూర్చుని కూడండి. ఎంత పోతున్నదో అప్పుడు తెలుస్తుంది.

మిగిలిన డబ్బు ఏం చేయాలని అడిగేవారికి ఒకటే మాట. అందులో సగం దాచుకోండి, సగం పెట్టి ఇంకో కట్ట ఆకుకూర, ఇంకో నాలుగు జామకాయలు కొనండి. ముందు ఇంట్లో ఆడపిల్ల కంచంలో వేయండి, ఎందుకంటే మన ఇళ్ళలో అందరికంటె చివర తినేది ఆమే. పోయిన ఏడాది కంటె ఈ ఏడాది మన పిల్లలు బల్ల మీద తల వాల్చడం తగ్గిందని వచ్చే వార్షిక సభలో మాటల్లో చెప్పుకోగలిగితే ఈ సంఘం పెద్ద పని చేసినట్టే.